మూడో తీగ

మా ఇంట్లో ప్లగ్గు పాయింట్లన్నీ విప్పించి కొత్త తీగలు లాగించవలసి వచ్చింది 2019లో. దానికి కారణం మా మనవరాలు. సెలవులకు వచ్చి, నడవలో చాప మీద కూర్చుని కంప్యూటరు ఒళ్లో పెట్టుకుని చార్జింగ్ పెట్టింది. కాసేపటికి "తాతా, దీని అంచు ముట్టుకుంటే చీమలు పాకినట్టు జుమ్మంటోంది" అంది. నేనూ వేలు పెట్టి చూశాను. నిజమే. చెప్పులు వేసుకుంటే లేదు, వట్టి కాళ్లతో గచ్చు మీద నిలబడితే ఉంది.

బెంగళూరు పాత పేటలో మా ఇల్లు మా తాత కట్టించింది. ముందు నడవ, రెండు గదులు, వంటిల్లు, పైన మేడగది, వెనక బచ్చలిల్లు. స్నానాల గదిని కన్నడం వాళ్ల మాట పట్టుకుని మేమట్లాగే అంటాం. ఇంట్లో తెలుగు, వీధిలో కన్నడం, బజారులో ఉర్దూ, తమిళమూనూ. ఈ పత్రిక చదివే వాళ్లకు ఈ సంసారం కొత్తగాదు.

పనికి వచ్చిన మనిషి కోలారు బంగారు గనుల వైపువాడు. వాళ్ల నాయన గనిలో పనిచేశాడట. 2001 ఫిబ్రవరి ఆఖరున గనులు మూసేశాక ఆ ఊరివాళ్లు చాలామంది రోజూ రైలెక్కి బెంగళూరు పనులకు రావడం మొదలుపెట్టారు. అతనూ అట్లా వచ్చినవాడే. నడవలో బోర్డు విప్పి, టార్చి వేసి చూసి, నన్ను పిలిచాడు.

"సార్, ఈ మూడో కన్నానికి వెనకాల ఏమీ లేదు. ఉత్త కన్నమే."

వంగి చూశాను. సాకెట్టు ముందు వైపున మూడు కన్నాలు. వెనక వైపున రెండిటికే తీగలు. పైనున్న పెద్ద కన్నం తాలూకు మర బిగించిన కాడికి బిగించినట్టే ఉంది, దాని కింద తీగ మాత్రం ఎన్నడూ లేదు. నా చిన్నప్పటి నుంచీ ఆ బోర్డు అక్కడే ఉంది.

నేను ముప్పై ఏళ్లు ప్రభుత్వ పాఠశాలలో కన్నడ మాధ్యమంలో చరిత్ర చెప్పినవాణ్ణి. ప్రతి యేడూ పిల్లల చేత ఒక తేదీ రాయించేవాణ్ణి: 1905 ఆగస్టు 5, బెంగళూరు సిటీ మార్కెట్టు దగ్గర విద్యుద్దీపాలు వెలిగిన రోజు. "దేశంలో మొట్టమొదట కరెంటు దీపాలు చూసింది మన ఊరే" అని గొప్పగా కూడా చెప్పేవాణ్ణి. అది తప్పని తరవాత తెలిసింది. కలకత్తాలో 1899లోనే విద్యుత్తు సరఫరా మొదలైంది. కొండ వాగు నీటితో డార్జిలింగు దగ్గర సిద్రాపాంగ్‌లో 1897లోనే విద్యుత్తు తీశారు. మైసూరు సంస్థానానికి దక్కిన ఘనత వేరే ఉంది. అంత పెద్ద ఎత్తున నీటి నుంచి విద్యుత్తు తీసి, అంత దూరం పంపడం.

కావేరి శివనసముద్రం దగ్గర దూకుతుంది. ఆ దూకుడును పనికి పెట్టాలని దివాను శేషాద్రి అయ్యరు సంకల్పించాడు. జోలీ డి లోట్‌బినియేర్ అనే ఇంజనీరు పథకం వేశాడు. యంత్రాలు అమెరికా నుంచి జనరల్ ఎలక్ట్రిక్ వాళ్లవి. 1902 జూన్ 30న అక్కడి విద్యుత్తు కోలారు గనులకు చేరింది. మధ్య దూరం 92 మైళ్లు. ఆనాటికి ప్రపంచంలోని అతి పొడవైన లైన్లలో అదొకటి. శేషాద్రి అయ్యరు మాత్రం అది చూడలేదు. 1901లోనే పోయాడు.

ఇక్కడ గమనించవలసిన సంగతి ఒకటుంది. ఆ కరెంటు మన ఇళ్ల కోసం పుట్టింది కాదు. భూమి లోతుల్లోంచి బంగారపు రాయి పైకి లాగే యంత్రాలకు ఆవిరి ఖర్చు తగ్గించడానికి పుట్టింది. నగరానికి అందులోంచి ఒక పాయ మూడేళ్ల తరవాత వచ్చింది. అదీ వీధి దీపాలకు. వీధి నుంచి ఇంట్లోకి వచ్చినప్పుడు కూడా దీపంగానే వచ్చింది. మా నాయన చెప్పిన లెక్క ప్రకారం మా ఇంటికి మొదట వచ్చినవి నాలుగే దీపాలు: నడవలో ఒకటి, వంటింట్లో ఒకటి, మేడ మీద ఒకటి, దేవుడి గూటి ముందర ఒకటి. ప్లగ్గు పాయింటు అనేదే లేదు. దేనికి పెట్టుకోవాలి? గుచ్చడానికి ఇంట్లో ఏ వస్తువూ లేనప్పుడు!

దీపానికి రెండు తీగలు చాలు. ఒకటి తెచ్చేది, ఒకటి తీసుకుపోయేది. బల్బు చేతికందని ఎత్తున వేలాడుతుంది, దాన్ని పట్టుకుని ఎవరూ నీళ్లలో నిలబడరు. అందుచేత ఆనాటి పనివాళ్లు గోడ మీద టేకు చెక్క పట్టీలు కొట్టి, వాటిలో రెండు గాడులు తీసి, ఒక్కొక్క గాడిలో ఒక్కొక్క తీగ పరిచి, పైన మూత చెక్క బిగించేవారు. చక్కటి పని. మా ఇంట్లో మేడ మెట్ల పక్కన ఒక గజం పొడుగు పట్టీ ఇంకా మిగిలే ఉండింది. మన మేస్త్రీ మూత ఊడదీస్తే లోపల రబ్బరు తొడుగు మీద నూలు అల్లిక చుట్టిన పాత తీగలు కనిపించాయి. వేలితో తాకితే తొడుగు ఎండిన బెరడులా రాలింది. లోపలి తీగ తెల్లగా ఉంటే అల్యూమినియమేమో అనుకున్నాను.

"రాగే సార్. పైన తగరం పూత పూసినారు" అన్నాడతను.

దానికి కారణముంది. రబ్బరు గట్టిపడడానికి అందులో గంధకం కలుపుతారు. గంధకం రాగిని తింటుంది. అందుకని మధ్యలో తగరం పూత. అంత ముందుచూపు ఉన్న పనివాళ్లు ఆ టేకు పట్టీలో మూడో గాడి ఎందుకు తియ్యలేదంటే, వాళ్ల ముందున్నది దీపం మాత్రమే గనుక. నేను ఆ పట్టీని చేతిలో పట్టుకుని చాలాసేపు చూశాను. మా ఇంటి కరెంటు చరిత్రంతా అందులో ఉంది. రెండు గాడులు. మూడోదానికి చోటే లేదు.

దీపం తరవాత రేడియో వచ్చింది. దానికి రెండు పిన్నుల ప్లగ్గు. తరవాత ఇస్త్రీపెట్టె. ఇక్కడే కథ మారింది. ఇస్త్రీపెట్టె ఇనుపది, చేత్తో పట్టుకుని పనిచేసేది. లోపల తీగ తొడుగు చిట్లి ఇనుముకు తగిలిందంటే, ఆ కరెంటు పట్టుకున్న మనిషి గుండా నేలకు పోతుంది. దానికి మనిషి కంటె సుళువైన దారి ఇంకొకటి చూపించాలి. ఆ దారే ఎర్తు తీగ. వస్తువు ఇనుప ఒంటికి ఒక చివర, భూమిలో పాతిన గొట్టానికి ఇంకో చివర.

మనం వాడే గుండ్రటి మూడు పిన్నుల ప్లగ్గు బ్రిటిషు వారిది. వాళ్ల ప్రమాణం 1934లో వెలువడింది. చిన్నది అయిదు ఆంపియర్లు, పెద్దది పదిహేను. మూడో పిన్ను మిగతా రెండింటి కంటె లావుగా, పొడుగ్గా ఉంటుంది. గుచ్చినప్పుడు అన్నిటికంటె ముందు తగిలేదీ, పీకినప్పుడు అన్నిటికంటె చివర వదిలేదీ అదే కావాలని. రెండో ప్రపంచ యుద్ధం తరవాత రాగి కరువై, బ్రిటనులో ఇల్లంతా ఒకే తీగను చుట్టు తిప్పి అన్ని సాకెట్లనూ దానికే కలిపే పద్ధతి పెట్టుకున్నారు. దానికోసం 1947లో పలక పిన్నుల ప్లగ్గుకు మారారు. అదే సంవత్సరం మనం వాళ్ల నుంచి విడిపోయాం. వాళ్లు వదిలేసిన గుండ్రటి ప్లగ్గును మనం ఉంచుకున్నాం. ఇప్పుడు మన ప్రమాణంలో అవి ఆరు, పదహారు ఆంపియర్లవి. పనివాళ్ల నోట మాత్రం అయిదు, పదిహేనుగానే నిలిచిపోయాయి.

1956 నాటి విద్యుత్తు నిబంధనల్లో, సరఫరా చేసేవారు వాడకందారు ఇంటి దగ్గర ఎర్తు కొస ఒకటి ఏర్పాటు చేసి కాపాడాలని స్పష్టంగా ఉంది. కాగితం మీద మూడో తీగ అప్పటికే వచ్చేసిందన్నమాట. పాత ఇళ్లలో జరిగింది వేరు. బజార్లో మూడు కన్నాల సాకెట్లు దొరకడం మొదలైంది. పాత రెండు కన్నాల దాన్ని ఊడదీసి, అదే చోట మూడు కన్నాలది బిగించారు. దాని వెనక పోయేది మాత్రం ఆ రెండు గాడుల చెక్క పట్టీయే. చూసేవాళ్లకు కొత్తది. లోపల పాతదే. పైగా ఎర్తు ఉన్నదన్న నమ్మకం ఒకటి కొత్తగా చేరింది. రెండు కన్నాలే ఉన్నప్పుడు జనం కొంచెం భయపడేవాళ్లు. మూడు కన్నాలు ఆ భయం తీసేశాయి.

ఇంతవరకూ చరిత్ర. ఇక మా ఇంటి సంగతి చెప్పాలి.

మా నాయనకు ఒక చెల్లెలు ఉండేది. చిన్నతనంలోనే భర్త పోయి పుట్టింటికి వచ్చేసింది. నడవలో దీపం కింద సాయంత్రాలు మా పిల్లలందరికీ తెలుగు అక్షరాలు నేర్పింది మా అత్తే. బడిలో కన్నడం. ఇంట్లో ఈమె లేకపోతే మాకు తెలుగు నోటి మాటగానే ఉండిపోయేది. ఇవాళ నేను ఈ నాలుగు ముక్కలు రాస్తున్నానంటే ఆమె దిద్దించిన చేతితోనే.

1971 డిసెంబరులో ఒక తెల్లవారుజామున, నీళ్లు కాగాయో లేదో చూద్దామని బచ్చలింట్లోకి పోయి, హీటరు కడ్డీ వేసిన ఇనుప బకెట్టు మీద చెయ్యి పెట్టి, అక్కడే పడిపోయింది. నాకప్పుడు పదహారేళ్లు. ముందు పరుగెత్తి మెయిన్ ఆపింది నేనే. డాక్టరు వచ్చేసరికి చెయ్యడానికేమీ మిగల్లేదు. మా అవ్వ "దాని ఆయుస్సు అంతే" అంది. మా నాయన ఆ కడ్డీని తీసుకుపోయి ఎక్కడో పారేసి వచ్చాడు. ఆ తరవాత మా ఇంట్లో చాలా ఏళ్లు కట్టెల పొయ్యి మీదనే నీళ్లు కాచుకున్నాం. తప్పంతా కడ్డీదే అనుకున్నాం. గోడ మీద సాకెట్టును ఎవరూ విప్పి చూడలేదు. మీదుగా సున్నం, తరవాత రంగులు పడ్డాయి.

నలభై ఎనిమిదేళ్ల తరవాత మేస్త్రీ దాన్ని విప్పాడు. విప్పకముందే నాకు తెలిసిపోయింది. మూడో కన్నం వెనక తీగ లేదు.

ఆ రాత్రి కూర్చుని లెక్క వేశాను. వెయ్యి వాట్ల కడ్డీ నాలుగు ఆంపియర్ల పైచిలుకు తీసుకుంటుంది. ఆ పాయింటుకు ఉన్నది పదిహేను ఆంపియర్ల ఫ్యూజు. మనిషి ప్రాణం తియ్యడానికి ఒక ఆంపియరులో పదో వంతు కూడా అక్కర్లేదు. మా అత్త ఒంట్లో పోయిన కరెంటు ఆ ఫ్యూజుకు లెక్కలోకే రాదు. ఫ్యూజు ఉన్నది తీగ కాలిపోకుండా కాపాడటానికి, మనిషిని కాపాడటానికి కాదు. మనిషిని కాపాడవలసింది ఆ మూడో తీగ. కడ్డీలో లోపం ఉండే ఉంటుంది. లోపాలు ఎప్పుడో ఒకప్పుడు వస్తాయి. అవి వచ్చిన రోజు కోసమే ఆ తీగ. అది ఆయుస్సు విషయం కాదని నాకు అరవై నాలుగో యేట తెలిసింది. చెప్పుకుందామంటే మా నాయన లేడు, అవ్వ లేదు.

మర్నాడు మిగతావీ విప్పించాను. వంటింట్లో ఫ్రిజ్జు పాయింటుకు మూడో తీగ ఉంది. అది గోడ వెంట పోయి నీళ్ల కొళాయి ఇనుప గొట్టానికి చుట్టి ఉంది. ఒకప్పుడు అట్లా చేసేవారు, నీళ్ల గొట్టం భూమిలోకి పోతుంది గనుక కొంత పనిచేసేది కూడా. ఇరవై ఏళ్ల కిందట ఆ గొట్టాలు తుప్పు పట్టి, ప్లాస్టిక్కువి వేయించాం. ప్లాస్టిక్కులో కరెంటు పోదు. ఎర్తు ఆనాడే తెగిపోయింది. కొళాయి మార్చిన వాడికి కరెంటు సంగతి పట్టలేదు, నాకూ పట్టలేదు.

మేడగదిలో ఇంకొక రకం. ఎవరో పనివాడు మూడో కన్నాన్ని లోపలనే న్యూట్రల్‌కు కలిపేశాడు. "ఇది అన్నిటికన్నా చెడ్డది సార్" అన్నాడు మేస్త్రీ. న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగిందంటే, వస్తువు ఇనుప ఒళ్లంతా కరెంటు నిలబడుతుంది. బాగున్న వస్తువు కూడా షాకు కొడుతుంది. ఎర్తు లేకపోవడం ఒక ఎత్తు, దొంగ ఎర్తు ఇంకో ఎత్తు.

పని ఎనిమిది రోజులు పట్టింది. గోడలు గాడి కొట్టి తీగలు లోపలికి దించుదామన్నాను. అతను వద్దన్నాడు. "సున్నం గార గోడ సార్, కొడితే జల్లెడ అయిపోతుంది." అందుకని పాత టేకు పట్టీలు పోయిన దారినే ప్లాస్టిక్కు పట్టీలు బిగించాడు. వాటిలో గాడులు లేవు, మూడు తీగలూ కలిసి పోతాయి: ఎర్రది, నల్లది, ఆకుపచ్చది. దీపాలది ఒక దారి, ప్లగ్గులది ఒక దారి, గీజరుది ఒక్కదానికే ఇంకో దారి. ప్లగ్గులకు రెండున్నర చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, గీజరుకు నాలుగు. మేస్త్రీ మాత్రం ఇప్పటికీ 3/20, 7/20 అని పాత లెక్కలోనే అంటాడు. అంటే ఇరవయ్యో నంబరు పోగులు మూడో, ఏడో అన్నమాట.

ఎర్తు గుంత ఎక్కడ తవ్వాలన్నది తరవాతి ప్రశ్న. తడి ఉండే నేల కావాలి. పొడి నేల కరెంటును సరిగ్గా తీసుకోదు. పెరట్లో తడి ఆరని చోటు ఒక్కటే, బచ్చలింటి వెనక. అక్కడే ఎనిమిది అడుగుల గొట్టం దించి, చుట్టూ బొగ్గు, ఉప్పు వేసి, పైన చిన్న తొట్టి కట్టాడు. వేసవిలో అప్పుడప్పుడు ఒక చెంబు నీళ్లు పొయ్యమన్నాడు. పోస్తున్నాను.

ఎర్తు ఒక్కటే చాలదని కూడా చెప్పాడు. గుంత ఎండితే అది తీసుకునే కరెంటు ఫ్యూజు తెగేంత ఉండకపోవచ్చు. అందుకని మెయిన్ పక్కన ఇంకొక స్విచ్చి పెట్టాడు. పోయిన కరెంటూ తిరిగి వచ్చిన కరెంటూ సరిచూస్తూ ఉంటుందది. ముప్పై మిల్లీ ఆంపియర్ల తేడా వచ్చేలోపలే కన్ను మూసి తెరిచేంతలో తెంచేస్తుంది. దాని మీద 'టీ' అని ఒక మీట ఉంటుంది. నెలకొకసారి నొక్కి చూడాలి. నొక్కితే టక్కుమని పడిపోవాలి. పడకపోతే అది ఉన్నా లేనట్టే.

పాత ఫ్యూజుల బోర్డు తీసేటప్పుడు ఒక చిక్కు వచ్చింది. టేకు పలక మీద పింగాణీ ఫ్యూజుల వరస, ఒక్కొక్కదాని కింద అంటించిన కాగితం ముక్క. నల్ల సిరాతో నడవ, వంటిల్లు, మేడ, బచ్చలి. మా అత్త చేతిరాత. ఇంట్లో ఆమె రాసినదంటూ మిగిలింది ఆ నాలుగు మాటలే. మేస్త్రీ కన్నడ బడిలో చదివినవాడు. తెలుగు నోటికే గాని రాతకు రాదు. కాసేపు చూసి, వేలు పెట్టి కూడబలుక్కుని "న, డ, వ" అన్నాడు. "మన కన్నడం అక్షరాలే కదా సార్ ఇవి, తలకట్టులే కొంచెం వేరే!" మా మనవరాలు పక్కనే నిలబడి చూసింది. దానికి రెండు లిపులూ రావు.

కొత్త పెట్టె మీద పేర్లు ఏ భాషలో రాయాలన్న మాట వచ్చింది. నాకు తెలుగులోనే ఉండాలనుంది. మేస్త్రీ ఒప్పుకోలేదు. "రేపు మీరు ఊళ్లో లేనప్పుడు ఏదన్నా అయితే, పక్కింటి వాళ్లొచ్చి ఏది ఆపాలో ఎట్ల చదవాల సార్?" నా దగ్గర జవాబు లేదు. ప్రాణం మీదకు వచ్చిన వేళ అందరికీ అర్థమయ్యేట్టు ఉండాలి. కన్నడంలో అతను రాశాడు. కింద తెలుగులో మా మనవరాలి చేత రాయించాను. అత్త రాసిన కాగితాలు ముందు పెట్టుకుని, బొమ్మ వేసినట్టు చూసి చూసి వేసింది. ఆ పాత పలక ఇప్పుడు నా బీరువాలో ఉంది.

పాత ఇళ్లలో ఉన్న మన వాళ్లు చాలామంది. కోయంబత్తూరులో, బరంపురంలో, హోసూరులో, బళ్లారిలో. మీ ఇంట్లో సాకెట్టుకు మూడు కన్నాలు ఉన్నాయని నమ్మకండి. మీరే విప్పకండి కూడా. లైసెన్సు ఉన్న మనిషిని పిలిచి మూడు మాటలు అడగండి. మూడో కన్నం వెనక తీగ ఉందా? ఆ తీగ పోయి పోయి నిజంగా భూమిలోకి దిగిందా? 'టీ' మీట నొక్కితే పడుతుందా? ఒక పూట పని.

పాఠాలు చెప్పే రోజులు నాకు అయిపోయాయి. ఇప్పుడు చెప్పవలసి వస్తే 1905 ఆగస్టు 5 పక్కన ఇంకో మాట కూడా రాయిస్తాను. దీపం వచ్చిన తేదీ ఊరంతటికీ ఒకటే. మూడో తీగ వచ్చిన తేదీ ఏ ఇంటికి ఆ ఇంటిది. మా ఇంటికి అది 2019లో వచ్చింది.